విరిగిన చెయ్యి వేరు, దిమ్మ తిరిగిన తల వేరు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 17 ఏళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. కబడ్డీలో మంచి రైడర్ అని పేరు. సంక్రాంతికి మా ఊళ్ళో పెట్టిన పోటీల్లో రైడ్‌కి వెళ్ళినప్పుడు అవతలి వాళ్ళు డ్యాష్ కొట్టి లైను బయటికి పడేశారు. తల వెనక భాగం నేలకు తగిలింది. స్పృహ తప్పలేదు, వెంటనే లేచాడు. కానీ లేచి, అవతలి టీమ్‌లో ఔటైన వాళ్ళు కూర్చునే చోటికి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముఖాన నీళ్ళు కొట్టి ఇవతలికి తీసుకొచ్చారు. మా వాళ్ళకు పాయింటు రాగానే మళ్ళీ లోపలికి పిలిచి ఆడించారు. ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయింది. నిద్రపోతే ప్రమాదమని తెల్లవార్లూ మేలుకునే ఉండేలా చూశాం. మర్నాడు టౌన్‌లో స్కాన్ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇప్పటికి 9 రోజులైంది. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. ట్యూబ్‌లైటు వేస్తే చిరాకు. ఫిజిక్స్ పుస్తకం పట్టుకుంటే గంటకి కూడా ఆ పేజీ తిరగడం లేదు. అడిగితే ఏం లేదంటాడు. ఇంకో 6 రోజుల్లో జిల్లా సెలక్షన్స్. స్కాన్ బాగానే ఉంది కదా పంపండి అంటున్నారు కోచ్ సారు. క్రికెట్‌లో విహారి విరిగిన చేత్తో ఆడలేదా అంటున్నారు మా ఆయన. పంపాలా, వద్దా? లేక ఆటే మానిపించేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. సెలక్షన్స్‌కి పంపొద్దు. ఆట మానిపించనక్కర్లేదు. ఈ రెండు మాటలూ మీ వారికి, కోచ్ గారికి కూడా చదివి వినిపించండి. ఎందుకో కింద రాస్తున్నాను.

మీ అబ్బాయికి అయినదాన్ని కంకషన్ అంటారు. క్రికెట్ చూసేవాళ్ళకి ‘కంకషన్ సబ్‌స్టిట్యూట్’ (తలకు దెబ్బ తగిలినవాడి బదులు దిగే ఆటగాడు) అనే మాట ఇప్పటికే అలవాటై ఉంటుంది. మనవాళ్ళు ‘దిమ్మ తిరిగింది’ అంటారు. మాట సరైనదే. కాకపోతే దాన్ని ముఖాన నీళ్ళు కొడితే పోయే సంగతిలా అంటాం, అక్కడే వస్తుంది చిక్కు. దిమ్మ తిరగడమంటే మెదడుకు దెబ్బ తగలడమే. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువమందికి స్పృహ తప్పదు. తలకే తగలాలని కూడా లేదు. ఛాతీకి గట్టి డ్యాష్ తగిలి మెడ ఒక్కసారిగా వెనక్కి ఊగినా లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. మీ ఉత్తరంలో అవతలి టీమ్ పక్కన కూర్చోవడం, రాత్రి వాంతులు, వెలుతురు పడకపోవడం, పేజీ తిరగకపోవడం, ఈ నాలుగూ ఉన్నాయి. స్కాన్ ఏమన్నా సరే, ఇది కంకషనే అనుకుని నడుచుకోవాలి.

ఇక ఆ స్కాన్ సంగతి. తీయించి మంచి పని చేశారు. వాంతులయ్యాయి కాబట్టి అవసరం కూడా. అయితే తలకు తీసే సీటీ స్కాన్ ప్రధానంగా చూసేది రెండు: ఎముక చిట్లిందా, లోపల రక్తం చేరిందా. రెండూ లేవని తేలింది, సంతోషం. కంకషన్‌లో జరిగేది అంతకంటే సూక్ష్మమైనది, అది ఆ ఫిల్ములో పడదు. రాత్రి తోడు పెట్టిన పాలగిన్నెను పిల్లలెవరో కుదిపేశారనుకోండి. గిన్నెకు సొట్ట పడదు, చుక్క ఒలకదు. కానీ తెల్లారి మూత తీస్తే పెరుగు సరిగ్గా తోడుకుని ఉండదు. స్కాన్ చూసింది గిన్నెను. కుదుపు తగిలిన మెదడు కణాల్లోంచి పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోయి లెక్క తారుమారవుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి కణాలకు మామూలు కంటే ఎక్కువ గ్లూకోజు కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తం తగ్గుతుంది. జీతం అందని నెలలోనే ఇంటినిండా చుట్టాలు దిగినట్టన్నమాట. ఆ లోటు తీరడానికి రోజులు పడుతుంది, కుర్రవాళ్ళలో ఒక్కోసారి నాలుగు వారాలు కూడా. సాయంత్రమయ్యేసరికి మీ వాడికి తలనొప్పి రావడం, పేజీ దగ్గరే ఆగిపోవడం ఈ లోటు వల్లే. బద్ధకం కాదు, దయచేసి తిట్టకండి.

మీ వారు విహారి మాట ఎత్తారు కదా. 2023లో ఇండోర్‌లో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగాక ఎడమచేతి వాటంగా తిరిగి, ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు హనుమ విహారి. నేనూ ఆ వీడియో రెండుమూడు సార్లు చూసుకుని మురిసిపోయాను. కానీ ఒక్క తేడా ఉంది. విహారికి విరిగింది చెయ్యి. ఆ చేత్తో ఆడాలా, ఎలా ఆడాలి, ఎంతసేపు ఆడాలి అని ఆలోచించిన మెదడు బాగానే ఉంది. మీ అబ్బాయి విషయంలో ‘నేను ఆడగలను’ అంటున్న ఆ మెదడుకే దెబ్బ తగిలింది. తాగినవాడు బండి తాళాలు ఇవ్వమని అడిగితే ‘ఏరా, బాగానే ఉన్నావా’ అని వాడినే అడిగి ఇస్తామా?

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట, హౌస్ సర్జన్సీ అయిపోయిన కొత్తలో, ఒక తిరునాళ్ళ కబడ్డీ పోటీలకు మందుల పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. ఒక కుర్రాడు యాంకిల్ హోల్డ్‌కి దూకితే రైడర్ మోకాలు కణతకు తగిలింది. పట్టు వదల్లేదు, పాయింటు కూడా వచ్చింది, ఈలలే ఈలలు. నా దగ్గరికి తీసుకొచ్చారు. ‘ఏం బాబూ, బాగున్నావా?’ అన్నాను. ‘బాగున్నా సార్’ అన్నాడు. మోచేతి మీద గీరుకుపోయిన చోట అయొడిన్ పూసి పంపేశాను. సెకండ్ హాఫ్ అంతా ఆడాడు, బాగా ఆడాడు కూడా. వాళ్ళ టీమే గెలిచింది. కప్పు తీసుకునేటప్పుడు నా పక్కకు వచ్చి నిలబడి మెల్లగా అడిగాడు, ‘మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది సార్?’

వాడి అదృష్టం, నా అదృష్టం కూడా. నెల తిరిగేసరికి కోలుకున్నాడు. ఆ రోజు నుంచి ‘బాగున్నావా’ అని అడగడం మానేశాను. ఏ కుర్రాడైనా బాగున్నాననే చెబుతాడు. దానికి బదులు: ఇది ఏ ఊరు? ఇప్పుడు ఏ హాఫ్ నడుస్తోంది? చివరి పాయింటు ఎవరు తెచ్చారు? పోయిన మ్యాచ్ ఎవరి మీద ఆడారు? గెలిచారా, ఓడారా? వీటిలో ఒక్కటి తడబడినా ఆ రోజుకి ఆట బందు. అన్నీ టకటకా చెప్పినవాడైనా సరే, కళ్ళు తేలేసినట్టున్నా, నడక తూలినా, లేదా మీవాడిలా వెళ్ళి వేరే టీమ్ పక్కన కూర్చున్నా, అప్పుడూ బందే. అనుమానం ఉన్నా ఉన్నట్టే లెక్క. ఆ రోజు నవ్వినందుకు మీరు బాధపడుతున్నారని ఉత్తరంలో తెలుస్తోంది. అది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుందమ్మా. పక్కన డిగ్రీ పట్టుకుని కూర్చున్న నాకే తట్టలేదు.

ఇప్పుడు కొంచెం కఠినమైన విషయం. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోసారి తలకు తగిలితే, అది చిన్న దెబ్బే అయినా, కొందరిలో మెదడు ఉన్నట్టుండి వాచిపోతుంది. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇది చాలా అరుదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ కనిపించేది ఎక్కువగా మీవాడి వయసు పిల్లల్లోనే. కెనడాలోని ఒటావాలో రోవన్ స్ట్రింగర్ అనే అమ్మాయి స్కూల్ రగ్బీ టీమ్‌కి కెప్టెన్. ఆమెకీ 17 ఏళ్ళే. 2013 మేలో వారం తిరక్కుండానే మ్యాచుల్లో మళ్ళీ మళ్ళీ తలకు దెబ్బ తగిలింది. తలనొప్పిగా ఉందని స్నేహితులకు చెప్పింది. కంకషనేమో అని అనుమానం వచ్చి ఇంటర్నెట్‌లో వెతుక్కుంది కూడా. ఇంట్లో చెప్పలేదు, కోచ్‌కీ చెప్పలేదు. చివరి మ్యాచ్‌లో పడిపోయాక మళ్ళీ స్పృహలోకి రాలేదు. తర్వాత విచారణ జరిగి, ఆమె తల్లిదండ్రుల పట్టుదల వల్ల 2018లో ఒంటారియో రాష్ట్రం ఆమె పేరుమీదే చట్టం చేసింది. కంకషన్ అనుమానం వస్తే ఆటగాణ్ణి వెంటనే బయటికి తేవాలి, వైద్యుల అనుమతి లేకుండా మళ్ళీ దింపకూడదు.

నన్ను ఇప్పటికీ వెంటాడేది ఆ స్నేహితుల సంగతి. వాళ్ళకు తెలుసు. కాబట్టి మీరు ఒక పని చేయండి. మీవాణ్ణి అడగడం మానేసి, వాడితో రోజూ గ్రౌండ్‌కి వెళ్ళే స్నేహితుణ్ణి టీకి పిలిచి అడగండి, ‘నీతో ఏమంటున్నాడ్రా?’ అని. మీకు ‘ఏం లేదు’ అన్నవాడు వాడికి చాలా చెప్పి ఉంటాడు.

ఇక లెక్క చూద్దాం, కోచ్ గారికి లెక్కే నచ్చుతుంది. దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ ఆటలోకి తేవడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. 2001లో వియన్నాలో మొదలుపెట్టి నిపుణులు కొన్నేళ్ళకోసారి కూర్చుని దాన్ని సవరిస్తూ వస్తున్నారు. చివరగా కూర్చున్నది 2022లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. మొత్తం ఆరు మెట్లు, మెట్టుకి కనీసం ఒక రోజు. మొదట ఇంట్లో మామూలు పనులు. తర్వాత నడక, స్టాండు మీద సైకిలు. తర్వాత ఒంటరిగా పరుగు, ఫుట్‌వర్క్. ఇక్కడిదాకా కాస్త తలనొప్పి వచ్చి గంటలో తగ్గిపోతే పర్లేదు, ఎక్కువైతే ఆ రోజుకి ఆపి మర్నాడు మళ్ళీ చూడాలి. నాలుగో మెట్టు నుంచి మాత్రం లక్షణం అనేదే ఉండకూడదు, ఒళ్ళు అలిసినా సరే. అప్పుడు కూత పెట్టి రైడ్ ప్రాక్టీసు చేయొచ్చు, కానీ ఎవరూ పట్టుకోకూడదు. డాక్టరు చూసి సరేనన్నాక అయిదో మెట్టులో పట్లతో ప్రాక్టీసు. మ్యాచ్ ఆరోది. మీవాడికి ఇంకా సాయంత్రం తలనొప్పి తగ్గనే లేదు, అంటే మొదటి మెట్టు మీదే ఉన్నాడు. స్కూలు, క్లబ్బు స్థాయి ఆటలకు బ్రిటన్‌లో 2023 నుంచి ఉన్న మార్గదర్శకం ఇంకా గట్టిది. ఎంత బాగున్నా 21 రోజుల్లోపు పోటీలో దించకూడదు, ఒంటికి ఒళ్ళు తగిలే ప్రాక్టీసుకు ముందు 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. సెలక్షన్స్ నాటికి మీవాడికి 15వ రోజు. ఎటు నుంచి లెక్కేసినా కుదరదు.

ఒక నొప్పి మాత్ర వేసి పంపుదాం అని ఎవరైనా అంటారు. అన్నింటికంటే ప్రమాదం అదే. మాత్ర నొప్పిని దాస్తుంది, లోపలి లోటును పూడ్చదు.

ఇంట్లో ఏం చేయాలంటే, మొట్టమొదట వాణ్ణి నిద్రపోనివ్వండి. దెబ్బ తగిలిన రాత్రి మేలుకునే ఉంచాలనేది పాత నమ్మకం. డాక్టరు చూసి లోపల రక్తస్రావం లేదని చెప్పాక నిద్రే మందు. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం కూడా పాత పద్ధతే. మొదటి రెండు రోజులు దాటాక పొద్దున్నే పొలం గట్టు దాకా నడిచి రావడం మేలు చేస్తుంది. ఫోను తగ్గించండి, రీల్స్ మరీనూ. చదువు పూర్తిగా ఆపొద్దు, పబ్లిక్ పరీక్షలున్నాయి కదా. ఇరవై నిమిషాలు చదవడం, పది నిమిషాలు కళ్ళు మూసుకోవడం. తలనొప్పి మొదలవగానే పుస్తకం మూసేయాలి. కాలేజీలో లెక్చరర్లకు ఒక మాట చెప్పి, కొన్నాళ్ళు వీక్లీ టెస్టుల నుంచి మినహాయింపు అడగండి. మామూలు చదువు తట్టుకోలేని తల మ్యాచ్‌ను తట్టుకోదు, కాబట్టి ముందు పుస్తకం, తర్వాతే కోర్టు. ఇంకో మాట, బైకు ఇవ్వకండి. (17 ఏళ్ళవాడికి మామూలుగానే ఇవ్వకూడదనుకోండి, అది వేరే ఉత్తరం.)

నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, మళ్ళీ వాంతులు మొదలైనా, ఫిట్స్ వచ్చినా, చేయి కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, మాట తడబడినా ఇంకేమీ ఆలోచించకుండా న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రయినా సరే. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి. ‘స్కాన్ నార్మలే కదా’ అని మొదలుపెట్టకుండా, ఆ రోజు వెళ్ళి అవతలి టీమ్ పక్కన కూర్చున్నాడన్న సంగతితో మొదలుపెట్టండి. డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడేది అదే.

కోచ్ గారితో గొడవ పెట్టుకోకండి. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన ఆడిన రోజుల్లో ఆయనకూ ముఖాన నీళ్ళే కొట్టి ఉంటారు. డాక్టరు చీటీ తీసుకుని మీ వారినే పంపండి. ఈ విషయంలో అమ్మ మాట కంటే నాన్న మాట చెవికెక్కుతుంది, మన దగ్గర అదో దౌర్భాగ్యం. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జరిగిన టీ20 గుర్తు చేయమనండి. చివరి ఓవర్లో స్టార్క్ బంతి హెల్మెట్‌కు తగిలింది. జడేజా ఆ తర్వాత కూడా ఆడి 44 నాటౌట్‌తో వచ్చాడు. చూసేవాళ్ళకి బాగానే ఉన్నాడు. అయినా ఫీల్డింగ్‌కి దించలేదు. అతని బదులు వచ్చిన చాహల్ 3 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఆస్ట్రేలియా వాళ్ళు ఇదేం అన్యాయమని రిఫరీతో వాదించారు కూడా. సిరీస్‌లో మిగిలిన రెండు టీ20లూ జడేజా ఆడలేదు. ఇండియా టీమ్‌లో జడేజానే కూర్చోబెట్టగలిగితే, కోర్టులో ఏడుగురు, బయట బెంచీ మీద అయిదుగురి దాకా ఉండే కబడ్డీలో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టలేమా? స్పోర్ట్స్ కోటా పోతుందని భయపడుతున్నారేమో. 17 ఏళ్ళే కదా, జూనియర్స్‌కి ఇంకా వయసుంది. వాడి పాత మ్యాచుల వీడియోలు చూపించి, కోలుకున్నాక ఎవరైనా చూస్తారేమో కోచ్ గారినే అడగమనండి. ఇలాంటి దారులు ఆయనకే తెలుస్తాయి.

ఆట మానిపించాలా అన్నారు. ఒక్క కంకషన్‌కి, సరిగ్గా కోలుకోనిస్తే, మానిపించనక్కర్లేదు. భయపడాల్సింది ఏళ్ళ తరబడి, లెక్కలేనన్నిసార్లు తగిలే దెబ్బల గురించి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైక్ వెబ్‌స్టర్ అని పెద్ద పేరున్న ఆటగాడు మతి స్థిమితం పోయి, ఇల్లూవాకిలీ లేకుండా తిరిగి 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు అతని మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, పదేపదే తగిలిన దెబ్బల వల్లే అది పాడైందని చెప్పాకే ఆ దేశం కళ్ళు తెరిచింది. బాక్సర్లలో ఇలాంటిదే ఉందని 1928లోనే మరో డాక్టరు రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. మీవాడి విషయంలో నేను చెప్పేది ఇంతే. ఎప్పుడు ఏ దెబ్బ తగిలింది, ఎన్నాళ్ళకు తగ్గింది అని ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. మళ్ళీ కంకషన్ అయి, అదీ చిన్న దెబ్బకే అయి, ఈసారి ఇంకా ఎక్కువ రోజులు పడితే, అప్పుడు మానిపించే మాట మాట్లాడుకుందాం.

మీ అబ్బాయికి ఎలా చెప్పాలో కూడా అడుగుతారు కదా. ఏడుస్తాడు, అరుస్తాడు, ఒక పూట అన్నం మానేస్తాడు. ఆ కోపంలో కొంత ఈ దెబ్బదే, కంకషన్ తర్వాత చిరాకు మామూలు. వాడి భాషలోనే చెప్పండి. ఔటైనవాడు బయట కూర్చుంటే ఆట అయిపోయినట్టు కాదురా, టీమ్‌కి పాయింటు వస్తే మళ్ళీ లోపలికి పిలుస్తారు, నువ్విప్పుడు ఔటై కూర్చున్నావంతే, ఈసారి మన బెంచీ మీద కూర్చో అనండి. ఆ ఆఖరి మాటకు నవ్వొచ్చినా రావచ్చు.

సెలక్షన్స్ రోజు మాత్రం జాగ్రత్త. ‘ఊరికే చూసొస్తా’ అంటాడు. స్నేహితులు బండి తెస్తారు. మీ వారిని ఆ రోజు వేరే పనిమీద ఎక్కడికీ వెళ్ళనివ్వకండి, వీలైతే తండ్రీకొడుకులిద్దరినీ కలిపే గ్రౌండ్‌కి పంపండి. కోచ్ గారికి ముందు రోజే ఫోన్ చేసి వాడి పేరు లిస్టులో లేదని గట్టిగా చెప్పించుకోండి. వాడి మ్యాట్ షూస్ బీరువాలో పెట్టి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.